సంతృప్తి పత్రం మీద సంతకం పెట్టాక డబ్బుల సంగతి అడగొచ్చా?

సూర్యాపేట జిల్లాలోని ఒక ఊరి నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. వయసు 31. ఇంట్లోనే మిషన్ మీద బట్టలు కుడతారు. భర్త ఆటో నడుపుతారు. పేరు, ఊరు బయటపెట్టవద్దన్నారు.

సంక్రాంతి వెళ్లిన మర్నాటి రాత్రి ఆమె తండ్రికి ఛాతీలో నొప్పి వచ్చింది. ఆయనకు 62 ఏళ్లు. కౌలుకు పత్తి వేస్తారు. దగ్గరి సర్కారు దవాఖానలో ఈసీజీ తీసి, గుండెపోటు అని చెప్పి పెద్ద ఊరికి తీసుకుపొమ్మన్నారు. అక్కడ ఆరోగ్యశ్రీ ఉన్న ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చారు. కార్డు చూపించారు. అనుమతి వచ్చేలోపు చేసిన పరీక్షలకంటూ 6,500 కట్టమన్నారు. తర్వాత బిల్లింగ్ దగ్గరి మనిషి ఈమెను పక్కకు పిలిచి, "కార్డు మీద వచ్చేది మామూలు స్టెంటు. మంచిది వెయ్యాలంటే తేడా 35,000 కట్టాలి. అరగంటలో చెప్పాలి" అన్నాడు. మెడలో గొలుసు తీసి 40,000కు కుదువపెట్టి, ఇంట్లో ఉన్న 1,500 కలిపి రెండూ కట్టారు. రసీదు అడిగితే ఒక తెల్లకాగితం ముక్క మీద పెన్సిల్‌తో అంకె రాసి ఇచ్చారు. దాన్ని ఈమె బియ్యం డబ్బాలో దాచుకున్నారు. మూసుకున్న గుండెనాళాన్ని తెరిచి ఉంచే ఆ స్టెంటు వేశారు. ఆయన కోలుకున్నారు.

డిశ్చార్జి రోజు ఒక కాగితం తెచ్చారు. 'చికిత్స ఉచితంగా జరిగింది, మా దగ్గర డబ్బు తీసుకోలేదు, సేవలతో సంతృప్తి చెందాము' అని ఉంది. తండ్రి వీల్‌చైర్‌లో కూర్చుని ఉన్నారు, బయట ఆటో ఆగి ఉంది. ఆయన వేలిముద్ర వేశారు, ఈమె సాక్షి సంతకం పెట్టారు. ఫొటో తీశారు. పది రోజులకు ఆరోగ్యశ్రీ నుంచి మాట్లాడుతున్నామని ఇంటికి ఫోన్ వచ్చింది. డబ్బులేమైనా తీసుకున్నారా అని అడిగితే తండ్రి, "లేదు సార్, దేవుళ్ల లెక్క చూసిండ్రు" అన్నారు. ఈమె అక్కడే పొయ్యి దగ్గర ఉండి విన్నారు.

ఇప్పుడు నెలనెలా 800 వడ్డీ కడుతున్నారు. ఫిర్యాదు చేద్దామంటే తండ్రి మండిపడుతున్నారు. "నా పానం నిలబెట్టిన డాక్టరు మీద కంప్లైంటిస్తవా? తిన్నింటి వాసాలు లెక్కపెడ్తవా?" అంటున్నారు. అన్న, "మనిషి దక్కిండు, పైసలు పోతే పోనీ" అంటున్నాడు. భర్త ఏమీ అనడు గానీ, పెళ్లిళ్లకు వెళ్లేటప్పుడు ఆమె మెడవైపు చూసి ఊరుకుంటాడు. ఆమె అడిగినవి మూడు: "సంతకం పెట్టి తప్పు చేసిన్నా? నాయన లేదన్నాక నేను తీసుకున్నరంటే ఎవరు నమ్ముతరు? రేపు చెకప్‌కు మళ్ల ఆ దవాఖానకే పోవాలె, ఆయన్ని సరిగ్గ చూడకపోతే ఎట్ల?"

అమ్మా,

మీ ఉత్తరంలో మీరు మామూలుగా రాసేసిన ఒక వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగాను. 'అరగంటలో చెప్పాలి అన్నాడు' అని రాశారు. తండ్రి లోపల మంచం మీద ఉండగా, మామూలు స్టెంటా మంచి స్టెంటా అని అడిగితే ఏ బిడ్డా మామూలుది చాలు అనదు. అది వాళ్లకూ తెలుసు. కాబట్టి డబ్బు ఎందుకు కట్టానా అని మిమ్మల్ని మీరు తిట్టుకోవడం ఈరోజుతో ఆపండి.

సంతకం సంగతికి వద్దాం. ఆ కాగితాన్ని సంతృప్తి పత్రం అంటారు. ఆరోగ్యశ్రీలో ఆస్పత్రికి డబ్బు వెంటనే రాదు. రోగి ఇంటికి వెళ్లాక డిశ్చార్జి సమ్మరీ, ఫొటో, ఈ సంతృప్తి పత్రం వంటివన్నీ కలిపి, పథకాన్ని నడిపే ఆరోగ్యశ్రీ ట్రస్టుకు పంపి క్లెయిమ్ చేసుకోవాలి. పేరుకు అది మీ నాయన మనసులో మాట. పనికి మాత్రం ఆస్పత్రి బిల్లుకు జతచేసే కాగితం. అందుకే దాన్ని ఇంటికి బయల్దేరే గడియలో పెట్టారు. ఆ గడియలో 'నేను సంతకం పెట్టను' అనగలిగేవాళ్లు ఎంతమంది? మా చెల్లెలి ఆపరేషనప్పుడు నేనూ అలాంటి కాగితం మీద చదవకుండా సంతకం చేశాను. చదువుకున్నదాన్ని, నలుగురికి సలహాలు చెప్పేదాన్ని. అప్పుడు నా ధ్యాసంతా దాన్ని కారెక్కించడం మీదే ఉంది.

మీరు పెట్టిన సంతకం మీ మాటకు అడ్డం వస్తుందా? వస్తుంది, కొంత. ఆస్పత్రి ముందుగా చూపించేది దాన్నే. అయితే అలాంటి కాగితం ఎప్పుడు, ఏ స్థితిలో తీసుకున్నారో చెప్పుకోవచ్చు. దానికి ఎదురుగా పెట్టడానికి మీ దగ్గర ఒక గట్టి వస్తువు ఉంది, మీరు గమనించినట్టు లేరు. అదే కుదువ రసీదు. మీ నాయన ఆస్పత్రిలో ఉన్న రోజు తేదీతో, 40,000 అంకెతో షాపువాడు రాసిచ్చిన చీటీ. ఉచితంగా వైద్యం జరిగిన ఇంట్లో అదే రోజు మెడలో గొలుసు ఎందుకు కుదువకు వెళ్లిందన్న ప్రశ్నకు ఆస్పత్రి దగ్గర జవాబు ఉండదు.

ఇక ఆ 35,000 'తేడా'. ఒక లెక్క చెబుతాను, మీ నాయనకు కూడా చదివి వినిపించండి. గుండెలో వేసే స్టెంట్లకు ఒకప్పుడు ఆస్పత్రి ఎంత చెబితే అంత. 2017 ఫిబ్రవరిలో కేంద్రం వాటి ధరకు పరిమితి పెట్టింది. మందు పూత ఉండే స్టెంటుకు, అంటే జనం మంచిది అనుకునేదానికి 29,600 రూపాయలు, పూత లేనిదానికి 7,260. పన్ను అదనం. ఆ పరిమితిని ఏటా సవరిస్తున్నారు. 2025లో పూత ఉన్నదానికి దాదాపు 39,000 అయింది. మీ దగ్గర తీసుకున్న 35,000 తేడా ఎలా అవుతుంది? అది ఇంచుమించు మొత్తం స్టెంటు ధర. ఆ స్టెంటుతో కలిపి చికిత్స మొత్తానికీ ఆస్పత్రి ప్యాకేజీ కింద ట్రస్టుకు క్లెయిమ్ పెట్టుకుంటుంది. ముందు తీసుకున్న 6,500 కూడా అంతే. చికిత్స జరిగిన రోగికి అంతకుముందు చేసిన పరీక్షలు, మందులు, లోపల వేసే పరికరం, పడక, భోజనం, ఇంటికి వెళ్లే దారిఖర్చు, ఇంటికి వెళ్లాక పది రోజుల మందులు, అన్నీ ప్యాకేజీలో భాగమే. అనుమతి రాకముందు కట్టాలన్న మాట కూడా నిలవదు. గుండెపోటులాంటి అత్యవసరంలో ఫోన్ మీదే అనుమతి తీసుకునే ఏర్పాటు ఉంది.

స్టెంటు ఏది వేశారో తెలుసుకోవడం మీ హక్కు. దాని పెట్టె మీది స్టిక్కరును కేసుషీటులో అతికిస్తారు. కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు అందులో ఉంటాయి. రోగి అడిగితే వైద్య రికార్డుల నకళ్లు 72 గంటల్లో ఇవ్వాలని వైద్యమండలి నియమావళి 2002 నుంచీ చెబుతోంది. ఏ నిర్ణయమూ తీసుకోకముందే ఈ పని చేయండి. 'మా నాయన కేసుషీటు, డిశ్చార్జి సమ్మరీ, యాంజియోగ్రామ్ సీడీ నకళ్లు ఇవ్వండి' అని ఒక తెల్లకాగితం మీద రాసి, మీ నాయనతో వేలిముద్ర వేయించి ఇవ్వండి. ఇంకో కాపీ మీద ముద్ర వేయించుకోండి. ఇది ఫిర్యాదు కాదు. రేపు ఇంకో డాక్టరుకు చూపించాలన్నా ఇవే కావాలి. కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, మీ నాయనకూ కోపం రాదు.

ఇప్పుడు మీ నాయన మాట. దీన్ని తేలిగ్గా తీసేయలేను, ఎందుకంటే ఆయన అబద్ధమాడలేదు. 'దేవుళ్ల లెక్క చూసిండ్రు' అన్నది నిజమే. ఆయన వయసువాళ్లకు పాత రోజులు గుర్తున్నాయి. 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఈ పథకం మొదలయ్యేదాకా కౌలు రైతుకు గుండె ఆపరేషన్ అంటే ఉన్నది అమ్ముకోవడం, లేదా ముఖ్యమంత్రి సహాయనిధికి దరఖాస్తు పెట్టుకుని ఎదురుచూడటం. ఊళ్లో ఎవరో ఒకరు అలా ఎదురుచూస్తూనే పోయిన ఇల్లు ఆయన చూసే ఉంటారు. అలాంటి మనిషి, తనకు తెల్లకోటు వేసుకున్న డాక్టరు రాత్రికి రాత్రి గుండెనాళం తెరిచాడంటే చేతులెత్తి మొక్కుతాడు. మొక్కనివ్వండి.

ఇబ్బంది ఆయన కృతజ్ఞతలో లేదు, ఆ ఫోన్‌లో రెండు వేరు వేరు సంగతులు కలిసిపోవడంలో ఉంది. బాగా చూశారా అన్నది ఒక ప్రశ్న, డబ్బు తీసుకున్నారా అన్నది ఇంకొకటి. ఒకదాని వెంట ఒకటి అడిగితే, మొదటిదానికి 'బాగా' అన్న నోటితో రెండోదానికి 'తీసుకున్నరు' అనడం కృతఘ్నతలా తోస్తుంది. అందులోనూ నెల తిరిగేసరికి మళ్లీ అదే ఆస్పత్రి గడప తొక్కాలి. అమెరికాలో పేదలకిచ్చే మెడికెయిడ్ బీమాను చాలా రాష్ట్రాల్లో ప్రైవేటు కంపెనీలే నడుపుతాయి. అక్కడ రోగుల అభిప్రాయం తెలుసుకోవడానికి కాప్స్ అనే సర్వే ఉంది. మార్కులు వేయమనే ప్రశ్న అందులోనూ ఉంది గానీ, ఎక్కువ ప్రశ్నలు జరిగినదాని గురించే. గత ఆరు నెలల్లో మీకు అవసరమైన వైద్యం, పరీక్షలు ఎన్నిసార్లు తేలిగ్గా అందాయి? ఎప్పుడూ లేదా, అప్పుడప్పుడా, చాలాసార్లా, ప్రతిసారీనా? ఇలా అడిగితే మనిషి తన మొహమాటాన్ని పక్కనపెట్టి జరిగింది చెప్పగలడు. మన దగ్గర కూడా 'మీ ఇంట్లోంచి ఎంత ఖర్చయింది, దేనికి, ఎవరి చేతికిచ్చారు' అని అడిగితే మీ నాయన జవాబు వేరేలా ఉండేదని నాకు అనిపిస్తుంది.

కాబట్టి ఆయనతో వాదించేటప్పుడు డాక్టరును మధ్యలోకి తేకండి. ఇలా చెప్పి చూడండి: "నాయనా, డాక్టరు సారుకు దండం పెడ్దాం. ఆయన చెయ్యి మంచిది. పైసలు తీసుకున్నది ఆయన కాదు, కింద కౌంటర్ల మనిషి. అది సారుకు ఎరుకనో లేదో మనకు తెల్వదు." తిన్నింటి వాసాలు అన్నారు కదా. ఆ ఇంట్లో మీరు ఊరికే తినలేదు. మీ కార్డు మీద ప్రభుత్వం కడుతోంది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల దాకా ఆ హామీ ఉంది. ఒకే వైద్యానికి అటు ట్రస్టు నుంచి, ఇటు మీ గొలుసు మీద, రెండుసార్లు తీసుకున్నప్పుడు అడగడం వాసాలు లెక్కపెట్టడం అవదు.

ఆస్పత్రులవైపు కూడా ఒక మాట ఉంది, దాచను. ప్యాకేజీ ధరలు చాలవని, బకాయిలు నెలల తరబడి రావడం లేదని పథకంలో ఉన్న ప్రైవేటు ఆస్పత్రులు మొత్తుకుంటూనే ఉన్నాయి. సేవలు ఆపేస్తామన్న హెచ్చరికలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చూశాం. ఆ బాధలో నిజం ఉంది. అది వాళ్లు ప్రభుత్వంతో తేల్చుకోవాల్సిన లెక్క. దాన్ని కౌలురైతు కూతురి మెడలోంచి తీర్చుకోవడానికి ఏ న్యాయమూ ఒప్పుకోదు.

ఇప్పుడు మీ ముందున్న దారులు. ఏదో ఒకటే చేయమని నేను చెప్పను. ఏది చేసినా దాని బరువు మోసేది మీరు.

మీ అన్న అన్నట్టు వదిలేయొచ్చు. అది పిరికితనం అని నేను అనను. గొలుసు విడిపించడానికి భర్తతో కలిసి ఒక లెక్క వేసుకుని, మనసులోంచి తీసేయగలిగితే మంచిదే. కాకపోతే మీ ఉత్తరం చూస్తే మీరు తీసేయగలిగేవాళ్లలా లేరు. పొయ్యి దగ్గర విన్న ఆ మాటను మూడు నెలల తర్వాత కూడా అక్షరం పొల్లుపోకుండా రాశారు. వదిలేశానని పైకి అనుకుని నాయన మీద లోపల కోపం పెంచుకుంటే, ఆ డబ్బు కన్నా ఎక్కువ పోతుంది.

రెండోది, ముందు ఆస్పత్రినే అడగడం. చెకప్‌కు వెళ్లినప్పుడు అక్కడి ఆరోగ్యమిత్రను కలవండి. ఆస్పత్రిలో హెల్ప్‌డెస్క్ దగ్గర కూర్చునేది వారే. రోగికి సాయం చేయడం వారి ఉద్యోగం. 'మా దగ్గర 41,500 తీసుకున్నారు. రసీదు ఇప్పించండి, లేదా డబ్బు ఇప్పించండి' అని నెమ్మదిగా, రాతపూర్వకంగా అడగండి. రసీదు ఇస్తే డబ్బు తీసుకున్నట్టు ఒప్పుకున్నట్టే. కాబట్టి గొడవ ఎందుకని తిరిగి ఇచ్చేయడానికే మొగ్గు చూపవచ్చు. గొలుసు త్వరగా ఇంటికి రావడానికి ఉన్న దగ్గరి దారి ఇదే. దీనిలో చిక్కు ఏమిటంటే, డబ్బు ఇచ్చేటప్పుడు 'ఏ ఫిర్యాదూ లేదు' అని ఇంకో కాగితం పెడతారు. ఆ సొమ్ము మీ చేతికొచ్చాక, ఎంత ముట్టిందో మీ రాతతోనే రాసి సంతకం పెట్టండి. ఖాళీ కాగితం మీద మాత్రం వద్దు. ఇంకో చిక్కు, ఆరోగ్యమిత్ర రోజూ ఆ ఆస్పత్రిలోనే కూర్చునే మనిషి. అందరూ ఒకేలా గట్టిగా నిలబడలేరు.

అక్కడ పని కాకపోతే ట్రస్టుకు ఫిర్యాదు. 104కు ఫోన్ చేసి చెప్పవచ్చు. నేనైతే కాగితం మీదే నమ్ముతాను. జిల్లా ఆరోగ్యశ్రీ అధికారులకు రాసి ఇవ్వండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో ఇచ్చినా సరే, దానికి ఒక నంబరు పడుతుంది. విచారణలో తప్పు తేలితే డబ్బు వెనక్కి ఇప్పించడం, జరిమానా, పథకం నుంచి ఆస్పత్రిని కొంతకాలం ఆపేయడం దాకా ట్రస్టు చేతిలో ఉంటుంది. ఇక్కడ ఒక సంగతి ముందే ఆలోచించుకోండి. విచారణకు వచ్చినవాళ్లు మీ నాయనను అడుగుతారు, ఎందుకంటే రోగి ఆయన. ఆయన మళ్లీ 'లేదు సార్' అంటే మీ ఫిర్యాదు అక్కడితో ఆగిపోవచ్చు, ఊళ్లో మీరు అబద్ధాలకోరు అనిపించుకోవచ్చు. అందుకే ఆయన మనసు కుదుటపడకుండా, ఆయనకు తెలియకుండా ఈ దారిలో అడుగు పెట్టవద్దు. ఆయన్ని డాక్టరుకు ఎదురుగా సాక్ష్యం చెప్పమనడం లేదని, ఫోన్‌లో మొహమాటపడి అన్నానని చెబితే చాలని చెప్పండి. డబ్బు కట్టింది మీరు. ఎవరికి, ఎప్పుడు, ఎంత అన్నది మీరే చెప్పుకోవచ్చు.

అలా రాసే ఫిర్యాదులో మొదటి పేరా మీ నాయనది కావాలి. డాక్టరు బాగా చూశారు, ప్రాణం నిలబెట్టారు, నర్సమ్మలు ఓపికగా చూసుకున్నారు అని ఆయన ఎలా చెబితే అలాగే రాయండి. తర్వాతి పేరా మీది: ఫలానా తేదీన, ఫలానా వేళకు, బిల్లింగ్ కౌంటర్ దగ్గర, ఇంత. ఒకే కాగితం మీద రెండూ రాయొచ్చు. రెండూ నిజమే కాబట్టి చదివే అధికారికీ అది పగతో రాసింది అనిపించదు. మీ నాయన వేలిముద్ర వేయడానికి ఒప్పుకునేది కూడా అలాంటి కాగితం మీదనే అని నా నమ్మకం.

ఆఖరిది జిల్లా వినియోగదారుల కమిషన్. ఉచితంగా చేయించుకున్నవాళ్లం మనకెక్కడి కేసు అనుకోవద్దు. ఖర్చు ఇంకొకరు భరించినా రోగి వినియోగదారుడే అవుతాడని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. విలువ 5 లక్షల లోపు కేసులకు ఫీజు లేదు, వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు, రెండేళ్ల గడువుంది. కానీ పేషీలకు తిరగాలి. మిషన్ మీద రోజు కూలి పోతుంది. ట్రస్టు దగ్గర ఏమవుతుందో చూశాకే దీని గురించి ఆలోచించమంటాను, గడువు అందుకు సరిపోతుంది.

ఈ మధ్యలో ఉపయోగపడే ఇంకో చిన్న పని ఉంది. సమాచార హక్కు చట్టం కింద మీ నాయన పేరుతోనే ట్రస్టుకు రాసి, తన చికిత్సకు ఆస్పత్రి ఎంత క్లెయిమ్ చేసింది, ఏ స్టెంటు చూపించింది, తన పేరుతో పెట్టిన సంతృప్తి పత్రం నకలు ఇవ్వమని అడగవచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువనున్నట్టు రుజువు జతచేస్తే ఫీజు కూడా ఉండదు. ట్రస్టుకు చూపించిన స్టెంటు, కేసుషీటులో అతికించిన స్టిక్కరు పక్కపక్కన పెట్టి చూస్తే మీ 'తేడా' ఎక్కడికి పోయిందో తెలుస్తుంది. అంకెలు కళ్లతో చూశాక మీ నాయన కోపం ఎటు తిరుగుతుందో కూడా చూడాలి.

చివరికి మీ పెద్ద భయం. ఫిర్యాదు చేస్తే సరిగ్గా చూడరేమో అని. ఇలాంటి భయం ఊరికే పుట్టదు, అందుకని మీకు ధైర్యం చెప్పి ఊరుకోను. చెకప్‌కు ఆ ఆస్పత్రికే వెళ్లాలన్న నిర్బంధం లేదు. రికార్డుల నకళ్లు చేతిలో ఉంటే హైదరాబాద్‌లో నిమ్స్‌కు గానీ, ఉస్మానియా, గాంధీ ఆస్పత్రులకు గానీ తీసుకెళ్లి చూపించవచ్చు. స్టెంటు వేయించుకున్నవాళ్లకు ఏడాదిపాటు పరీక్షలు, మందులు అందే ఫాలో-అప్ ఏర్పాటు ఆరోగ్యశ్రీలో ఉంది. మీ నాయనకు దాన్ని నమోదు చేశారో లేదో ఆరోగ్యమిత్రను అడగండి. ఒకవేళ చేసి, ఆ మందులకు కూడా మీరే డబ్బు పెడుతుంటే అదీ ఫిర్యాదులో రాయాల్సిందే.

ఆస్పత్రితో ఎన్ని మాటలు నడిచినా, అలిగి వెళ్లడం మానేసినా, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మాత్రలు మాత్రం డాక్టరు చెప్పకుండా ఒక్కరోజు కూడా ఆపనివ్వకండి. ఆపితే స్టెంటు మూసుకుపోయే ప్రమాదం ఉంది. అయిపోవడానికి వారం ముందే చీటీ పట్టుకుని తెచ్చిపెట్టుకోండి.

ఆ తెల్లకాగితం ముక్కను, కుదువ రసీదును ఈ రాత్రికే ఫోన్‌తో ఫొటో తీసి మీ ఆయన ఫోన్‌కు కూడా పంపండి. పెన్సిల్‌తో రాసిన అంకె బియ్యం డబ్బాలో ఎన్నాళ్లో నిలవదు.